రోషన్‌దాన్‌లో చాదర్ కుక్కకండి

ఆదిలాబాద్ జనవరి చలి తెలిసినవాళ్లకు ఫజర్ వుజూ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కుళాయి తిప్పితే వేళ్లు కొంకర్లు పోతాయి. అబ్బాకు డెబ్బై దాటాయి. ఆయన కోసమే గుసల్‌ఖానాలో గ్యాస్ గీజర్ పెట్టించాను. వానాకాలమంతా బాగానే పనిచేసింది. చలి ముదిరాక నఖ్రాలు మొదలుపెట్టింది. కాసేపు వెలిగి టప్పున ఆరిపోయేది. సగం వుజూలో చన్నీళ్లు!

మెకానిక్ వచ్చి మూత తీసి చూశాడు. "సెన్సర్ వల్లే భాయ్. వైర్ కట్ చేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇక ఆగదు" అన్నాడు. మూడొందలు అడిగాడు. "ఇచ్చెయ్ బేటా, మీ అబ్బా వణికిపోతున్నారు" అంది అమ్మీ. నాకెందుకో దిల్ ఒప్పుకోలేదు. తలెత్తి చూస్తే రోషన్‌దాన్ నిండా పాత చాదర్ కుక్కి ఉంది. చలిగాలి రాకుండా అమ్మీ చేసిన ఇంతెజామ్. (రోషన్‌దాన్‌ను తెలుగులో గవాక్షం అంటారని డిగ్రీలో చదివాను. మా ఇంట్లో ఆ మాటంటే ఎవరూ తలెత్తి చూడరు.)

చాదర్ లాగేశాను. మర్నాడు గీజర్ ఆగలేదు.

మంటకు ఆక్సిజన్ కావాలి. మూసిన గదిలో అది తగ్గేకొద్దీ గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే ఆ వాసన కంపెనీవాళ్లు కలిపిందే. ఈ జహర్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరిగి, కాళ్లలో సత్తువ పోయి, గడియ తీసే తాకత్ కూడా ఉండదు. మా గీజర్‌లో ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ ఉంది. అందరి గీజర్లలో ఉండదు. మెకానిక్ తీసేస్తానన్నది దాన్నే. దొంగ వచ్చాడని అరిచిన చౌకీదార్ నోరు కట్టేయడమన్నమాట.

ఆగిన ప్రతిసారీ కారణం ఇదే కానక్కర్లేదు. సెల్స్ చలికి నీరసపడతాయి, ముందు అవి మార్చి చూడండి. నీళ్లు ఇంకా వేడిగా రావాలని కుళాయి సన్నగా తిప్పితే ధార చాలక గీజర్ ఆగుతుంది. సిలిండర్ అడుగంటితే చలిలో ప్రెషర్ పడిపోతుంది. అలాగని సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టే హిమ్మత్ మాత్రం చేయకండి. చాలా గీజర్లు 20 నిమిషాలకు వాటంతటవే ఆగుతాయి, అది ఖరాబు కాదు.

మా దాదీ రాగి హమామ్‌ను ఆంగన్‌లోనే ఉంచేది. బొగ్గుల పొగ ఆకాశంలోకి పోయేది, నీళ్లు బకెట్లో లోపలికి వచ్చేవి. చదువు రాని మనిషికున్న ఆ అఖల్ మనకేమైంది? టైల్స్ అందం కోసం నిప్పును తెచ్చి గడియ పెట్టుకునే గదిలో బిగించాం. మాదిప్పుడు బయటి గోడకు, ఛజ్జా కింద, గాలి నేరుగా కొట్టని చోట ఉంది. లోపలికి వచ్చేది వేడినీళ్ల పైపు ఒక్కటే. పైపు పొడవైంది, వేడినీళ్లు ఆలస్యంగా వస్తున్నాయని అబ్బా షికాయత్. అననీ.

మా గల్లీలోనే మరో రెండిళ్లలో సెన్సర్ డైరెక్ట్ చేశానని ఆ మెకానిక్ గొప్పగా చెప్పాడు. ఒక ఇంట్లో చంటిపిల్లలున్నారు. జుమా దాకా ఆగడం ఎందుకు, ఈరోజు మగ్రిబ్ అవగానే వెళ్తున్నాను.