జొన్న రొట్టె పట్టని కీబోర్డు

పోయిన పత్తి సీజనులో మూడు వేల చిల్లర పోసి ఒక బుల్లి మెకానికల్ కీబోర్డు తెప్పించుకున్నా. 61 కీలు. ఆదోనిలో నా టైపు టేబుల్ మీద అర్జీల కట్టకూ టీ గ్లాసుకూ చోటు మిగిలిందని సంబరపడ్డా. మొదటి రోజే కోసిగి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పొలం సర్వే చేయించమని అర్జీ రాయాలి. ఆయన మొహం చూస్తూ, చెప్పింది చెప్పినట్టు కొట్టుకుంటూ పోయి, ప్రింటు తీసి చేతిలో పెట్టా. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని చదివి తలెత్తాడు.

"ఏమప్పా, నా పొలం యాడ పోయింది?"

చూద్దును కదా, పొలం ఉండాల్సిన ప్రతి చోటా 'పలం' ఉంది. పెద్ద కొడుకు 'పెద్ద కడుకు' అయ్యాడు. కొత్త పాసుపుస్తకం 'కత్త పాసుపుస్తకం' అయింది. కాగితం మొత్తం మీద ఒక్క ఒత్వం మిగల్లేదు. దొంగ ఎవరో ఏరుకుని పోయినట్టుంది.

ఆ దొంగ నా కీబోర్డే. వాడి పని ఎలా సాగుతుందో విప్పి చెప్తా. కొనబోయేవాళ్లు వినండి.

నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ భాషలకు ఒకే వరస ఉండాలని 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఖరారు చేసిన అమరిక. 1991లో జాతీయ ప్రమాణంలోకి ఎక్కింది. పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్‌లోనే ఉంటుంది. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. హిందీవాడికి 'క' ఎక్కడుందో మనకూ అక్కడే. తెలివైన ఏర్పాటే, కాదనను. కాని హిందీకి కురచ ఎ, కురచ ఒ అక్కర్లేదు. మనకూ అవతల కన్నడం వాళ్లకూ అవి లేకపోతే పూట గడవదు. ఎత్వానికి అడుగు వరసలో జెడ్ కీ దొరికింది. ఒత్వానికి మిగిలింది ఒకటి అంకెకు ఎడమ పక్కన, మూలన పడున్న కీ. మామూలు ఇంగ్లీషు టైపిస్టు ఏడాదికోసారైనా దాన్ని ముట్టుకోడు.

61 కీల కీబోర్డు చేసేవాడు పై వరస మొత్తం ఎత్తేస్తాడు. అందులోని ఎస్కేప్‌కు చోటు కావాలి. ఎవరూ ముట్టని మూల కీ కంటబడుతుంది. దాన్ని లేపేసి ఎస్కేప్‌ను కూర్చోబెడతాడు. పాతది కావాలంటే ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకుని నొక్కుకోమంటాడు. అంటే ఒత్వానికి రెండు వేళ్లు. 'ఒ' కైతే షిఫ్టు కూడా కలిపి మూడు. 'ఒక' అనాలంటే మూడు వేళ్లు మెలిపెట్టాలి. జొన్న రొట్టె అనడానికి రెండుసార్లు చెయ్యి వంకర తిరగాలి. 68 కీల వాటిలోనూ చాలావరకు ఇదే భాగోతం. సీమలో జొన్న రొట్టె పట్టని కీబోర్డు ఎవరి కోసమండీ?

"చిన్నది చేయాలంటే ఏదో ఒకటి తియ్యాలి కదా" అంటారు. తియ్యండి. ఏది తియ్యాలో నేను చెప్తా. ఎడమ పక్కన, ఇంగ్లీషు 'ఏ' కీకి ఆనుకుని, దాదాపు రెండు కీల చోటు ఆక్రమించుకుని క్యాప్స్‌లాక్ అని ఒకటి కూర్చుంది చూడండి. తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఉన్నాయా? మనకు దానితో చిటికెడు పని లేదు. పొరపాటున చెయ్యి తగిలితే వరస చెడగొట్టడం తప్ప అది చేసిన ఉపకారం లేదు. ఎంత కుదించినా చాలా కీబోర్డుల్లో ఆ జమీందారు కదలడు. కూలి చేసే ఒత్వాన్ని మాత్రం ఖాళీ చేయిస్తారు.

సాధ్యం కాదా అంటే, ఎప్పుడో అయింది. 1996లో జపాన్‌లో పీఎఫ్‌యూ అనే కంపెనీ హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు తెచ్చింది. టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన వాడా ఎయిచి ఆలోచన. మొత్తం 60 కీలు, నాదానికన్నా ఒకటి తక్కువే. అందులో క్యాప్స్‌లాక్ చోటు కంట్రోల్‌కు ఇచ్చేశారు. పొడుగాటి బ్యాక్‌స్పేస్‌ను కురచ చేసి కింది వరసకు దించారు. అలా మిగిలిన పై వరస చివర మన మూల కీకి సొంత చోటు ఇచ్చారు. తెలుగు కోసం చేసింది కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం చేసింది. ఎవరి వేళ్లు ఎక్కడ తిరుగుతాయో ముందు లెక్క చూసి, తర్వాత కత్తెర పట్టారు. చిన్నగా ఉండటం తప్పు కాదు. కత్తిరించేటప్పుడు ఎవరి పనిని లెక్కలోకి తీసుకున్నారన్నదే తగువు.

ఇక చప్పుడు సంగతి. నా కీబోర్డు రెండో పాపం అది. మా ఇల్లు ఎమ్మిగనూరు. పగలు మిగిలిన పని ఇంటికి తెచ్చుకుని రాత్రి కొట్టుకుంటా. ఉండేది ఒకటే గది. మొదటి రాత్రే మా అమ్మ లేచి కూర్చుంది. "రేత్రంతా ఆ టకటకలేంది నాయనా, పండుకోనీవా?" గుంట మగ్గం పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. మగ్గం చప్పుళ్ల మధ్య నిద్రపోయేదానివి కదమ్మా అన్నా. "అది కూడు పెట్టే చప్పుడు. ఇది పండ్లు కొరికే చప్పుడు" అని అటు తిరిగి పండుకుంది.

స్విచ్ విప్పి చూశాక అమ్మ మాట అక్షరాలా నిజమని తేలింది. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరిగెత్తితే చప్పుడు, పేకను పడుగులోకి బిగించి కొడితే చప్పుడు. చప్పుడైన ప్రతిసారీ గుడ్డ ఒక పోగు పెరుగుతుంది. నా కీబోర్డులోని నీలం స్విచ్‌ది అలాంటి చప్పుడు కాదు. దాని లోపలి కాడ రెండు ముక్కలు. నొక్కుతూ పోతే ఒక అంచు దాటగానే తెల్లముక్క ఠక్కున జారి కొట్టుకుంటుంది. ఆ ఠక్కు కోసమే దాన్ని విడిగా పెట్టారు. కరెంటు కలిపే రేకులు వేరు, అవి కలిస్తే చీమంత చప్పుడు కూడా రాదు. ఆ ఠక్కు పనిలోంచి పుట్టింది కాదు, పని జరిగిందని చాటించే దండోరా. 1980లలో జర్మనీ కంపెనీ చెర్రీ తెచ్చిన స్విచ్‌ల జాతిలో ఇదొక రంగు. మన డీటీపీ సెంటర్లలో, బిల్లు కౌంటర్లలో ఏళ్ల తరబడి మోగిన టీవీఎస్ గోల్డ్ కూడా ఈ టకటక కుటుంబమే. గట్టి సరుకు, ఒప్పుకుంటా. కాని ఎంత మోగితే అంత పనిమంతుడు అనే భ్రమ మనలో పాతుకుపోయింది. టైపు మిషన్ నాడు సుత్తిదెబ్బ పడితేనే కార్బను కాగితం కిందికి అక్షరం దిగేది, కాబట్టి కొట్టేవాళ్లం. ఇప్పుడు కింద కార్బనూ లేదు, కాపీలూ లేవు. వేళ్లకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"నీలం వద్దంటే ఎర్రది తీసుకో, సైలెంటు" అంటాడు అమ్మేవాడు. నమ్మొద్దు. ఎర్రదానిలో ఆ ఠక్కు ముక్క లేదు, అంతవరకే. వేలు అడుగుకు గుద్దినప్పుడు ఒక చప్పుడు, కాడ పైకి లేచి మూతకు తగిలినప్పుడు ఇంకొకటి, రెండూ అలాగే ఉంటాయి. 'సైలెంట్' అని పేరులోనే ఉన్న స్విచ్ వేరే. దాని కాడకు కిందా పైనా మెత్తని తునకలు అతికించి, ఆ రెండు దెబ్బలనూ మింగిస్తారు. చెర్రీ మామూలు ఎర్రది మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 దగ్గర అక్షరం పడుతుంది. సైలెంట్ ఎర్రది 3.7 దిగుతుంది, 1.9 దగ్గరే పడుతుంది. పిసరంత దూరం తగ్గింది, అమ్మకు నిద్ర దక్కింది. చెర్రీ ఒక్కటే కాదు, గేటెరాన్, కెయిల్ లాంటి చైనా కంపెనీలూ ఈ రకం చేస్తున్నాయి. స్విచ్ మార్చినా స్పేస్‌బార్, ఎంటర్ గలగలమంటూనే ఉంటే తప్పు స్విచ్‌ది కాదు. ఆ పొడుగు కీల కింద నిలకడ కోసం ఒక తీగ ఉంటుంది. దానికి కాస్త గ్రీజు పూస్తే నోరు మూస్తుంది.

స్ప్రింగు బరువు కూడా తెలుగును చూసే ఎంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఓత్వం, ఔత్వం, ఎత్వం, మూలనున్న ఒత్వం, నాలుగూ ఎడమ చిటికెన వేలి నెత్తిన పడ్డాయి. 'తెలుగు' అని కొట్టబోతే రెండో దెబ్బే చిటికెన వేలిది. ఒంట్లో అన్నిటికన్నా బక్క వేలికి ఇంత చాకిరీ. దాని కింద 60 సెంటీన్యూటన్ల నల్ల స్విచ్ పెడితే సాయంత్రానికి మణికట్టు దాకా లాగుతుంది. 45 చాలు. చెయ్యి బరువున్నవాళ్లు, ఊరికే వేలు ఆనించినా అక్షరం పడుతోందని విసుక్కునేవాళ్లు, చిన్న గట్టు తగిలే సైలెంట్ రకం చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి ఆదోనిలో ఉన్నవాడికే తెలుస్తుంది. మార్కెట్ యార్డుకు పత్తి దిగడం మొదలయ్యాక, జిన్నింగ్ ఫ్యాక్టరీలు తిరిగే నాళ్లలో గాలిలోనే నూగు. దుమ్ము సరేసరి. స్విచ్ లోపల రేకులకు మకిలి పడితే ఒకసారి నొక్కితే రెండు పడతాయి. ఇంగ్లీషులో అయితే ఒక అక్షరం ఎక్కువ పడుతుంది, చూసి చెరిపేస్తారు. తెలుగులో ఆ జబ్బు డి కీకి వచ్చిందనుకోండి, అది పొల్లు. దాదాపు ప్రతి ఒత్తక్షరానికీ అదే కావాలి. 'మగ్గం' అన్న మాటలో పొల్లు రెండుసార్లు పడితే ఒత్తు కుదరక మాట నడుం విరిగి కూలబడుతుంది. అందుకే స్విచ్‌లు బోర్డుకు అతికించకుండా, పీకి మార్చుకునే హాట్‌స్వాప్ రకమే కొనాలి. చిన్న పట్టకారుతో జబ్బు స్విచ్ లాగేసి కొత్తది గుచ్చితే పది నిమిషాల్లో పని మళ్లీ మొదలు. రిపేరుకని బెంగళూరు బస్సెక్కాల్సిన పని లేదు.

మెంబ్రేన్ కీబోర్డు చవక, చప్పుడూ తక్కువే, దానికేం రోగం అంటారా? ఇంట్లో నెలకు నాలుగు ఉత్తరాలు కొట్టేవాళ్లకు రోగమేమీ లేదు, సుబ్బరంగా కొనుక్కోండి. నాలాగా రోజంతా కొట్టేవాడికి ప్రతి అక్షరానికీ అడుగుదాకా నొక్కాలి, రబ్బరు నానాటికీ మొద్దుబారుతుంది, ఒక్క కీ చస్తే మొత్తం పారెయ్యాలి. పత్తి మండీ గుమాస్తాకు కుడి పక్క అంకెల గడి లేనిదే రోజు గడవదు, ఆయన పెద్దదే కొనాలి. నేను మాట్లాడేది మాటలు కొట్టుకుని బతికేవాళ్ల గురించి.

"ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు అదే పడుతుంది కదా, ఇంకా ఇన్‌స్క్రిప్ట్ ఏంది?" అని కుర్రాళ్లు నవ్వుతారు. దెబ్బల లెక్కలో పెద్ద తేడా లేదు నాయనా, ఎమ్మిగనూరు అలా కొట్టినా ఇలా కొట్టినా పదే. కాని నా దారిలో న అంటే న, ణ అంటే ణ. కంప్యూటర్ నాలుగు మాటలు చూపించి 'వీటిలో నీది ఏది?' అని అడగదు. నా మాటను ముందు ఇంగ్లీషులోకి పంపి వెనక్కి పిలిపించుకునే అగత్యం నాకు లేదు. అది మీకు సుఖమైతే సరే. మీకు సుఖం గనక నాకున్న కీ పీకేస్తామంటే మాత్రం ఊరుకోను.

రూపాయి గుర్తు పుట్టింది 2010లో. పుట్టీ పుట్టగానే కీబోర్డుల మీదికి ఎక్కింది. డబ్బుకు లేని చోటు పుట్టించగలిగారు, ఒత్వానికి ఉన్న చోటు నిలపలేకపోయారు. కంపెనీ వాళ్లను అనుకుని ఏం లాభం? అడిగామా మనం? ఆఫీసులకు కీబోర్డులు కొనేటప్పుడు ధర తప్ప ఇంకో గడి నింపే అలవాటుందా? 1938లో మాచాని సోమప్ప మా ఎమ్మిగనూరులో నేతగాళ్లను ఒక సహకార సంఘం కిందికి తెచ్చాడు. ఒంటి మగ్గం మాట ఎవరి చెవికీ ఎక్కదని ఆ తరానికి తెలుసు. మనం మాత్రం ఎవరికి వాళ్లం ఫోనులో బొమ్మ చూసి, రంగు లైట్లు చూసి, డబ్బు కట్టేసి, అక్షరం పోయాక గదిలో కూర్చుని తిట్టుకుంటున్నాం. జిల్లాలో తెలుగు టైపు చేసే వాళ్లమంతా ఒక కాగితం మీద సంతకాలు పెడితే, కనీసం మన ఊళ్లలో అమ్మేవాడైనా మన కీ ఉన్న సరుకు తెప్పిస్తాడు.

అంతదాకా కొనేవాళ్లకు నా మాట. 84 కీలది తీసుకోండి. దానిలో ఎస్కేప్‌కు పైన వేరే వరస ఉంటుంది గనక ఒత్వం జోలికి పోదు. అంతకన్నా చిన్నదే కావాలంటే క్యూఎంకే, వయా అన్న పేర్లు చూసి, కీలు మార్చుకునే వీలున్నది కొనండి. మూల కీ ఒత్వానికి తిరిగిచ్చి, ఎస్కేప్‌ను తీసుకుపోయి ఆ జమీందారు క్యాప్స్‌లాక్ నెత్తిన కూర్చోబెట్టండి. నేను చేసింది అదే. సైలెంట్ స్విచ్‌లూ గుచ్చా. అమ్మ పండుకుంది. కోసిగి పెద్దాయన అర్జీ మళ్లీ కొట్టి ఇచ్చా, ఆయన పొలం ఆయనకు వచ్చింది.

లైట్లు, రంగులు, ధర తర్వాత చూసుకోవచ్చు. బొమ్మలో ముందు ఒకటి అంకెకు ఎడమ పక్కకు చూడండి. ఒకటి పక్కన ఒ ఉందా, లేదా?

లేకపోతే అది మనది కాదు.