మొదటి పాఠం ఇంటి భాషలోనే చెప్పాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ మండలాల్లో ఒకటో తరగతిలో చేరే చాలామంది పిల్లల ఇంటి భాష తెలుగు కాదు. సీతంపేట కొండల్లో అది సవర. ఉట్నూరు, జైనూరు వైపు గోండి, కొలామి. గోదావరి మన్యంలో కోయ. అరకు, పాడేరు ప్రాంతాల్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా. తండాల్లో లంబాడీ. వీటిలో సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకు దూరపు చుట్టం కూడా కాదు. అయినా పలక పట్టిన తొలిరోజు నుంచే బడి ఆ బిడ్డతో తెలుగులోనో ఇంగ్లిషులోనో మాట్లాడుతుంది.

బిడ్డ అక్షరాలు దిద్దుతాడు, పాఠం వల్లిస్తాడు. చదివినదేమిటో మాత్రం తెలియదు. మాస్టారు ప్రశ్న అడిగితే తలవంచుకుని నిలబడతాడు. బడి ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కగడుతుంది. అదే బిడ్డ సంతలో తల్లి పక్కన కూర్చుని చింతపండు, ఇప్పపువ్వు అమ్మిన డబ్బు తప్పులేకుండా లెక్కపెడతాడు. అలాంటి పిల్లలు ఏటా వెనకబడి, చివరికి బడి మానేస్తుంటే తప్పు వాళ్లదనడం అన్యాయం.

చట్టాలకు కొదవ లేదు. భాషాపర అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధన అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా ఆచరణ సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటోంది. ఆ వెసులుబాటు సాకుగా మారింది.

ఇంటి భాషలో బోధన సాధ్యమేనని ఎప్పుడో రుజువైంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజున విగ్రహానికి దండ వేసి, సవర పిల్లలకు సవరలో పాఠం లేకుండా చేయడం ఆయనకు గౌరవం కాదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8 ఆదివాసీ భాషల్లో, 240 బడుల్లో బహుభాషా బోధన ప్రారంభించింది.

ఈ పద్ధతిలో చిక్కేమీ లేదు. వాచకం గోండిలో ఉంటుంది, లిపి తెలుగుదే. నీళ్లను ఇంట్లో ‘ఏర్’ అనే బిడ్డ ముందు ఆ మాటనే రాస్తాడు. తెలిసిన మాట కాబట్టి రెండక్షరాలూ పట్టుబడతాయి. ఆ అక్షరాలతోనే తర్వాత తెలుగు మాటలు చదువుతాడు. తరగతి పెరిగేకొద్దీ తెలుగు పాలు పెరుగుతుంది.

ఇంగ్లిషు రాకపోతే పిల్లల బతుకు ఏమవుతుందన్న తల్లిదండ్రుల బెంగ నిజమైనదే. దాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. అయితే చదవడమనే విద్య అర్థమయ్యే భాషలో ఒకసారి పట్టుబడితే తెలుగుకూ ఇంగ్లిషుకూ అదే అక్కరకొస్తుంది. ఇంగ్లిషును ఒక సబ్జెక్టుగా మొదటి నుంచీ నేర్పవచ్చు.

అసలు లోటు ఉపాధ్యాయుల దగ్గర ఉంది. ఆ భాష రాని మాస్టారు వస్తే ఎంత మంచి వాచకమైనా బీరువాలోనే ఉంటుంది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కోర్టు కొట్టేసింది నూరు శాతం రిజర్వేషన్‌ను మాత్రమే. కాబట్టి పిల్లల భాష వచ్చి ఉండాలన్న నిబంధన పెట్టడానికి ప్రభుత్వాలు ఇప్పటికైనా పూనుకోవాలి. ఒకటి నుంచి మూడో తరగతి వరకు బోధించేవారికి ఆ భాష తప్పనిసరి అర్హత కావాలి. అలాంటివారు దొరకని బడిలో ఊరి యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి నియమించాలి. చిన్న తరగతుల పరీక్షలు ఇంటి భాషలోనే జరగాలి. ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడిని బదిలీ చేస్తే, అదే భాష తెలిసిన మరొకరు వచ్చాకే రిలీవ్ చేయాలి.

ప్రతి ఏజెన్సీ గ్రామసభా, ప్రతి బడి యాజమాన్య కమిటీ జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ మేరకు తీర్మానం చేసి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి అందజేయాలి.