ఆ ఏడో రోజు ఏం చేస్తున్నారు?

గుడియాత్తం స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కాట్పాడికో, ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలకో మిమ్మల్ని చేర్చే సీజన్ టికెట్టు ఏడు రోజులూ చెల్లుతుంది. మీరు వాడేది ఆరు రోజులే. ఏడో రోజు మంచమ్మీద ఫోన్ పట్టుకుని, "ఈ ఊళ్లో ఏముంది, అగ్గిపెట్టెలూ కైలీలూ తప్ప" అంటారు.

ఏముందో చూడాలంటే ఏట్లోకి దిగండి. రంగులో ముంచిన నూలు తడారకుండానే వెదురు గడల మీద ఆరేసిన మగ్గాల వీధులు దాటితే కౌండిన్య నది. మామూలు రోజుల్లో ఇసుకే. 2021 నవంబరులో మాత్రం ఒడ్డునున్న ఇళ్లలోకి వచ్చేసింది. అప్పుడు దాన్ని తిట్టుకున్నాం గానీ, అన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో పైకి వెళ్లి చూసినవాళ్లెందరు? పలమనేరు వైపు కొండల్లో, మన చిత్తూరు జిల్లాలో పుట్టి, అడవిలోంచి దిగి, మోర్ధానా డ్యామ్‌లో కాసేపు ఆగి మీ వీధికొస్తుంది. ఆ డ్యామ్ ఊరికి దగ్గరే, సైకిలు మీద పోయిరావచ్చు. పోండి!

డ్యామ్ దాటాక రాష్ట్రం మారుతుంది, అడవి మారదు. అవతల 1990లో ఏర్పడ్డ కౌండిన్య అభయారణ్యం. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి నడిచొచ్చి స్థిరపడ్డ ఏనుగులు అక్కడున్నాయి. వాటికి చెక్‌పోస్టు లేదు, మీకుంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టొద్దు. పలమనేరు-కుప్పం రోడ్డు మీదుగా కైగల్ జలపాతానికి వెళ్లినా ఆ కొండల గాలి తగులుతుంది. బీరు సీసాలు పగలగొట్టి రీలు తీసే బ్యాచ్ మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి, కొండకు అదే క్షేమం.

వేలూరులో ఇంజనీరింగు చదివే తెలుగు పిల్లలూ, మీరూ వినండి. నాలుగేళ్లూ హాస్టలు, కాట్పాడి స్టేషను, బిర్యానీ సెంటరు! కోటలో సెల్ఫీ దిగుతారు, 1806 జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు తిరగబడ్డ చోటు అదేనని తలుచుకోరు. సరే, కోట ఎక్కడికీ పోదు. జవ్వాది కొండలెక్కండి. హైదరాబాదులో, నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసే తండ్రి చేతికింద పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు, నక్షత్రాలు చూడ్డానికి ఈ కొండల్లోని కావలూరునే ఏరి పట్టుకున్నారు. ఆయన పేరిట 2.3 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి అక్కడ పనిచేస్తోంది. అంతటి మనిషికి పనికొచ్చిన కొండలు మీ వీకెండుకు పనికిరావా?

డబ్బుల్లేవనే మాట నా దగ్గర చెల్లదు. తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కాబట్టి చెల్లెళ్లే ముందు నడవాలి, తమ్ముళ్లు టికెట్టు కొనుక్కుని వెనకాల వస్తారు. ఈ ఆదివారమే. పులిహోర కట్టుకోండి, నీళ్లు రెండు సీసాలు ఎక్కువే పెట్టుకోండి, తిరుగు బస్సు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి.