నల్లగుడ్డ క్రింది కెమెరా

నల్లగుడ్డలో తల దూర్చి, “కదలకండి” అని కేకవేసి ఫోటో తీసే పెద్ద కెమెరాను మన పాఠకులలో వయసు మీరినవారు ఎరుగుదురు. పాత గ్రూపు ఫోటోలలో చివరి వరుసలో నిలబడినవారి ముఖం కూడా తేటగా కనబడుతున్నదంటే అది ఆ పెద్ద ఫిల్ము చలవే. సెల్‌ఫోనుతో రోజుకు వంద ఫోటోలు తీసే పిల్లలు కొందరు ఇప్పుడు ఆ కెమెరాయే కావాలంటున్నారు. కన్నవారికి వింతగా తోచవచ్చు. మేమైతే వద్దనము. కానీ ఇంటి డబ్బుతో పని గనుక, ఏది ముందు కొనాలో తెలిసి దిగాలని మా మనవి. డబ్బంతా కెమెరాకే పోస్తే ఫిల్ము కొనలేక అది అటకెక్కుతుంది.

మొదలుపెట్టేవారికి 4×5 అంగుళాల సైజు చాలు. మామూలు 35 మి.మీ. ఫిల్ముకంటే ఇదే 13 రెట్లకు పైగా పెద్దది. 8×10 జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక్కో షీటు దీనికి నాలుగింతలు.

ఇంతకూ ఆ పెట్టెలో ఏముంది? ముందు లెన్సు, వెనుక గరుకు గాజు పలక, మధ్య వెలుతురు చొరని ముడతల తిత్తి. బొమ్మ మంచిచెడ్డలు పెట్టె ఖరీదును బట్టి రావు. ఇంగ్లాండులోని బ్రైటన్‌లో 2014లో మొదలైన ఇంట్రెపిడ్ సంస్థ ప్లైవుడ్‌తో తేలికైన కెమెరాలు చేసింది. నేర్చుకోవడానికి అటువంటిది సరిపోతుంది. షట్టరుతో కూడిన 150 మి.మీ. లెన్సు ఒకటి, గట్టి ట్రైపాడ్, రెండు మూడు ఫిల్ము హోల్డర్లు ఉంటే చాలు. ఒక్కో హోల్డరులో రెండే షీట్లు పడతాయి.

గాజుమీద బొమ్మ తలక్రిందులుగా, కుడియెడమలు తారుమారై కనిపిస్తుంది. దానికి కన్ను త్వరలోనే అలవాటు పడుతుంది. చెయ్యి అలవాటు పడడమే కష్టం. ఫోకస్ చూశాక షట్టరు మూయాలి, ఆ తరువాతే హోల్డరు పెట్టి దాని మూత లాగాలి. వరుస తప్పితే షీటు పోయినట్టే. ఫిల్మును హోల్డరులో ఎక్కించడం కటిక చీకటిలో జరగాలి. షీటును నిలువుగా పట్టుకొన్నప్పుడు అంచున ఉండే గాట్లు కుడివైపు పై మూలలో వేలికి తగిలితే, మందు పూసిన వైపు మీ ముఖం వైపున్నట్టు.

అందుకే మొదటి నెల ఫిల్మే కొనవద్దంటాము. నలుపు తెలుపు ఫోటో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, అంచులు కాస్త కత్తిరించి హోల్డరులో పెట్టండి. దానికి ఎర్రలైటు చాలు గనుక చేసే పని కంటికి కనిపిస్తుంది. వేగం ఐ.ఎస్.ఓ. 6 అనుకోండి. ఎండ వద్దు, నీడలో కుండో కుర్చీయో తీయండి. డెవలపర్ ట్రేలో బొమ్మ తేలుతూ ఉంటే చూసి తీరవలసిందే. చెయ్యి కుదిరాక ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 వంటి ఫిల్ముకు వెళ్ళవచ్చు; పెట్టెలో 25 షీట్లుంటాయి.

ఇన్ని తక్కువ షీట్లతో ఏం నేర్చుకుంటారని అడగవచ్చు. 1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీ లోయలో ఆన్సెల్ ఆడమ్స్ అనే 25 ఏళ్ళ యువకుడు 12 గాజు ప్లేట్లు మోసుకొని మంచులో కొండెక్కాడు. హాఫ్ డోమ్ అనే నిట్టనిలువు రాతికొండ ఎదుటికి చేరేసరికి మిగిలినవి రెండే. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. ఆకాశం తేలిపోతుందని, తన మనసులో కదిలిన గాంభీర్యం అందులో రాదని వెంటనే గ్రహించాడు. చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన ఫోటోలలో అదొకటి. చేతిలో ఇంకా వంద ఉంటే అంతగా ఆలోచించేవాడా అని మా సందేహం.

పాత సామాను కొనేవారికి ఒక మాట. షట్టరును ఒక సెకనుకు పెట్టి నొక్కి చెవిపెట్టి వినండి. నత్తనడక నడిస్తే బాగుచేయించే ఖర్చుంటుంది. తరువాత చీకటి గదిలో తిత్తి లోపల టార్చిలైటు వెలిగించి ముడతల మూలలు చూడండి. ఒకటి రెండు చుక్కలైతే నల్లటేపుతో సరిపెట్టుకోవచ్చు. చుక్కలు చుక్కలుగా మెరిస్తే మాత్రం, కొత్త తిత్తి ఖరీదు ధరలో తగ్గించమని మొహమాటపడకుండా అడగండి.