అంగడిలో అస్తేయధర్మం

ఆషాఢమాసం రాగానే రాజమహేంద్రవరంలోని వస్త్రదుకాణాలు తగ్గింపు ధరలతో కిటకిటలాడతాయి. గుమాస్తా ఒకరికి చీరలు విప్పి చూపుతుండగా ప్రక్కనున్న చీర మరొకరి సంచిలోకి చేరుతుంది. సంచి చూపమంటే కొనుగోలుదారు తిట్లు. అడగకుంటే యజమాని నింద. కొన్నిచోట్ల పోయిన చీర వెలను ఆ గుమాస్తా జీతంలోనే కోస్తారు.

పతంజలి మహర్షి అహింసా సత్యముల అనంతరం అస్తేయాన్ని యమంగా విధించాడు. అస్తేయమంటే పరద్రవ్యాన్ని అపహరించకపోవడం మాత్రమే కాదు. పొందినదానికి ప్రతిగా ఏమీ సమర్పింపక అనుభవించేవాడు సైతం దొంగయేనని గీత తృతీయాధ్యాయం బోధిస్తున్నది. ఆ దృష్టితో విచారిస్తే, సేవను స్వీకరించి దూషణతో బదులిచ్చేవాడు గాని, దోషం నిరూపింపక వేతనాన్ని హరించే యజమాని గాని స్తేయదోషానికి అతీతులు కారు. ఉద్యోగి సంజాయిషీ వినకుండా నష్టం పేరిట జీతం కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం శాసించింది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా అదే నియమాన్ని నిలిపింది.

మహాభారత శాంతిపర్వంలో తపస్వి జాజలి ధర్మరహస్యం గ్రహించినది వారణాసిలో సరుకులమ్మే తులాధారుని వద్ద. ఆ భారతాన్ని నన్నయభట్టు తెనిగింపనారంభించిన నగరం ఈ రాజమహేంద్రవరమే. పోయిన చీరకు కారకుడెవరో తేలేవరకు జీతం ముట్టక, దూషించేవారి ఎదుట తన గుమాస్తా పక్షాన నిలిచే వర్తకుడే నేటి తులాధారుడు.