నృత్యానికీ క్రెడిట్లు ఇవ్వాలి

డిగ్రీ చదువులో దేహవ్యాయామానికి స్థానముండాలన్న సూత్రానికి కాగితంపై ఆమోదం లభించింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళిక మేరకు మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో 6 నుంచి 8 క్రెడిట్ల కోటాలో యోగా, క్రీడలు చేరాయి. అయితే పర్యావరణం, డిజిటల్ పరిజ్ఞానం కూడా ఆ కోటాలోనివే. నృత్యాన్ని ప్రత్యేకంగా పేర్కొనలేదు. కొత్త కోర్సులు చేర్చుకునే స్వేచ్ఛను మాత్రం విద్యాసంస్థలకు ఇచ్చారు.

ఈ స్వేచ్ఛను వినియోగించుకోవలసిన అగత్యం సూరత్‌లోని వడోద్ వంటి శ్రామిక ప్రాంతాలలో ఎక్కువ. తెలుగువారితో సహా మరమగ్గాల నగరానికి వలస వచ్చిన శ్రామికులలో అనేకులకు, పిల్లలను రుసుము చెల్లించి నాట్యాలయాలకో, వ్యాయామశాలలకో పంపే స్తోమత ఉండదు. కళాశాల ఇవ్వనిది ఆ పిల్లలకు మరెక్కడా దొరకదు. కూతురిని ఆటస్థలానికి పంపడానికి సందేహించే తల్లిదండ్రులు సైతం గర్బాకు, బతుకమ్మకు నిస్సంకోచంగా పంపుతారు. గర్బా 2023లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. వలయంగా తిరుగుతూ చప్పట్లతో సాగే ఈ ఆటలు కళ మాత్రమే కాదు, చక్కని వ్యాయామం కూడా.

కనుక నృత్యాన్ని వార్షికోత్సవ వేదికకు పరిమితం చేయడం తగదు. క్రీడలతో సమానంగా దానికి క్రెడిట్లు ఇవ్వాలి. శిక్షకుడూ, స్థలమూ, కాలపట్టికలో ఒక గంటా కేటాయించకుండా రాతపరీక్షతో మార్కులు పంచితే అది సంస్కరణ కాదు, ఆత్మవంచన.