ఆరోహణకు పూర్వమే ఆరంభమయ్యే యాత్ర

మోర్తాడ్ పరిసరాలలో పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చేసరికి మాఘఫాల్గుణాలు గడిచిపోతాయి. పంట సొమ్ము చేతికందిన తరువాతనే మ్రొక్కులు జ్ఞప్తికి వస్తాయి. ఏడుకొండలవాని సన్నిధికి కాలినడకన వస్తానని మ్రొక్కుకొన్న రైతుకు ఆ ఋణం తీర్చుకొనే అవకాశం తరచుగా ఎండలు ముదిరే చైత్రంలోనే లభిస్తుంది. అతడు మధుమేహపీడితుడు కూడా అయితే, అలిపిరి సోపానమార్గంలోని 3,550 మెట్లలో మొదటిదానివద్ద అతని పరీక్ష ఆరంభం కాదు. మోర్తాడ్‌లో బస్సెక్కిననాడే ఆరంభమవుతుంది.

ఆర్మూరు మీదుగా నిజామాబాదుకు బస్సు, అక్కడినుండి రాత్రి అంతా సాగే రాయలసీమ ఎక్స్‌ప్రెస్. ఆరోగ్యవంతునికి ఇది ఒక నిద్రపాటి దూరం. వ్యాధిగ్రస్తునికి అట్లా కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉండాలి. వాడుకలో ఉన్నదానికి వేడి తగలరాదు. వేసవి రైలుపెట్టె ఈ నియమాలను లెక్కచేయదు. భోజనవేళ తప్పుతుంది, నిద్ర చెడుతుంది. వీటికితోడు, కొండ ఎక్కేవరకు పచ్చిగంగ అయినా ముట్టననే దీక్ష. ప్రొద్దుటి మాత్ర మాత్రం అలవాటు చొప్పున పడిపోతుంది. మాత్ర పనిచేసి ఆహారం అందకపోతే రక్తంలోని చక్కెర 70 కంటె దిగువకు జారుతుంది. చెమట, వణుకు, తడబడే మాట. దానిని భక్తిపారవశ్యమని ప్రక్కవారు భ్రమించే ప్రమాదమూ లేకపోలేదు.

రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, కీళ్లనొప్పులు ఉన్న వయోవృద్ధులు, హృద్రోగులు కాలినడకన రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో విజ్ఞప్తి చేసింది. ఇటువంటి ప్రకటనలు వెలువడినప్పుడల్లా భక్తులలో కొందరు నొచ్చుకొంటారు: స్వామికీ మాకూ మధ్య వైద్యుడెవరు అని. ఆ నొప్పి అర్థం చేసుకోదగినదే. కాని దానివెనుక ఉన్న తర్కం మాత్రం శాస్త్రసమ్మతం కాదు.

ఆయుర్వేదం నడకకు శత్రువని ఎవరైనా అనుకొంటే సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలోని ప్రమేహప్రకరణం చూడవలె. ధనబంధువులు లేని ప్రమేహరోగికి ఆ మహర్షి విధించిన చికిత్స ఆశ్చర్యం గొలుపుతుంది: పాదరక్షలు లేక, గొడుగు లేక, భిక్షాన్నంతో, ఒక గ్రామంలో ఒక్క రాత్రికంటె నిలువక, మునివలె ఇంద్రియనిగ్రహంతో నూరు యోజనాలో అంతకు మించో నడవవలెనన్నాడు. తీర్థయాత్రకూ ఈ చికిత్సకూ భేదమేమున్నది? అయితే ఈ వాక్యాన్ని మాత్రమే కంఠస్థం చేసి తక్కినది విడిచిపెట్టేవారు ఆ గ్రంథానికి అన్యాయం చేసినవారవుతారు. రోగి స్థూలుడా, కృశుడా అన్న వివేచన ఆ ప్రకరణంలోనే ఉంది. కృశించినవానిని సర్వదా రక్షించుకోవలెనని అక్కడే ఉంది. వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయవలెనన్నది కూడ సుశ్రుతవాగ్భటుల సిద్ధాంతమే. పాదాలలో స్పర్శజ్ఞానం నశించిన నేటి రోగికి కాలిన రాతిమెట్టు కాలినదని తెలియదు. బొబ్బ పుండైన తరువాతగాని తెలియదు. అతని విషయంలో పాదరక్షలు లేని నడకను తపస్సు అనడం సుశ్రుతునికి అంగీకారమవుతుందని భావించలేము.

గీతాచార్యుని మాట ఇంకను స్పష్టం. పదునేడవ అధ్యాయంలో ఆయన, శాస్త్రం విధించని ఘోరతపస్సుతో దేహంలోని భూతగ్రామాన్ని, అంతరంలో వసించే తనను సైతం కృశింపజేసేవారిని ఆసురనిశ్చయులుగా గణించాడు. ఆరవ అధ్యాయంలో అత్యాహారికి ఎట్లా యోగం సిద్ధించదో, నిరాహారికీ అట్లే సిద్ధించదన్నాడు. కుమారసంభవం పంచమసర్గలో బ్రహ్మచారి వేషంతో వచ్చిన శివుడు పార్వతిని కుశలమడుగుతూ, తపస్సు స్వశక్తికి లోబడియే సాగుతున్నదా అని ఆరా తీస్తాడు. ఎవరికోసం తపస్సు జరుగుతున్నదో ఆయనే ఈ ప్రశ్న వేయడం గమనించదగినది.

ఇంతకూ రోగిని నిజంగా పీడించేది శాస్త్రసందేహం కాదు, లోకభీతి. ఇంటిల్లిపాదీ వెంటవస్తారు, ఊరంతటికీ తెలుసు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి ఎన్ని మెట్లెక్కావని అడుగుతాడు. అలిపిరిదాకా వచ్చి బస్సెక్కితే మ్రొక్కు చెల్లలేదంటారేమో! ఈ భయంతో వ్యాధిని దాచుకొని నడిచేవారున్నారు. మాత్రల పొట్లం భార్యకు కూడ చూపనివారున్నారు. సంకల్పంలో యథాశక్తి అని పలికి, శక్తి లేదని చెప్పుకొనడానికి సిగ్గుపడడం ఎంతటి విపరీతం! వైద్యుడు పరీక్షించి నడవవచ్చునంటే, వేళకు తిని, జేబులో చక్కెర ఉంచుకొని, గాలిగోపురంవరకు నిదానంగా ఎక్కి, అక్కడ ఆగి ఆలోచించుకోవచ్చును. వద్దంటే ఆ మాటను మన్నించడమే యథాశక్తి.

మ్రొక్కు తీరలేదనే వారు అలిపిరిలోని పాదాలమండపం కథ ఒకసారి వినవలె. కొండదిగువన భగవద్రామానుజులకు రామాయణరహస్యాలు బోధిస్తూ తిరుమలనంబి మధ్యాహ్నపు స్వామిదర్శనానికి దూరమై పరితపించాడట. పైకి రాలేకపోయిన ఆ భక్తునికోసం శ్రీనివాసుని పాదాలే క్రింద వెలిశాయని సంప్రదాయం చెబుతుంది. ఈనాటికీ యాత్రికులు అక్కడ శ్రీవారి పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణం చేసిన తరువాతనే మెట్లవైపు కదులుతారు. మోర్తాడ్‌నుండి వచ్చిన రైతు కూడ పాదుకలు తలకెత్తుకొంటాడు. ప్రదక్షిణం ముగిసేసరికి ఫలహారం వేళ అవుతుంది. మండపం బయట కూర్చొని తెచ్చుకొన్న సద్దిమూట విప్పుతాడు. తిరుమల బస్సులు ఆ ప్రక్కనుండే వెళుతుంటాయి.